నాటకానికీ సీరియల్‌కీ కాస్ట్యూమ్స్ చేయడం ఎలా: స్క్రిప్టు చదవడం నుంచి బిల్లు వసూలు దాకా

కాస్ట్యూమ్ డిజైనర్ కావాలనుకునేవాళ్లలో చాలామంది బొమ్మలు గీయడంతో మొదలుపెడతారు. బొమ్మ అవసరమే, కానీ పని చెడేది బొమ్మ దగ్గర కాదు. హరిశ్చంద్రుడు కాశీ వీధిలోంచి వెళ్లి కాటికాపరిగా తిరిగి రావాలి, మధ్యలో ఉన్నది ఒక్క పద్యమంత సమయం. అక్కడ చెడుతుంది. మంగళవారం తీసిన సీన్‌లో నాయిక చేతికి ఆరు గాజులుంటాయి, దాని కొనసాగింపు శుక్రవారం తీసేటప్పుడు నాలుగే ఉంటాయి. అక్కడ చెడుతుంది. నటుడి ఒంటి మీద బట్ట అతని నటనకు అడ్డం రాకూడదు, చూసేవాళ్ల నమ్మకానికి అడ్డం రాకూడదు. ఈ రెండూ జరగాలంటే చార్టు, కొలత, కుట్టు, ట్రయల్, ఫొటో అన్నీ వరసగా జరగాలి. కింద ఆ వరసే చెబుతున్నాం. రంగస్థలానికి పౌరాణిక నాటకాన్నీ, టీవీకి హైదరాబాద్‌లో తీసే రోజువారీ సీరియల్‌నీ ఉదాహరణగా తీసుకున్నాం.

మొదట కుట్టు చేతికి రావాలి

డిగ్రీ సంగతి తర్వాత. అస్తరు వేసిన జాకెట్టు, కాలరున్న చొక్కా, పైజామా, లంగా ఈ నాలుగూ కత్తిరించి కుట్టగలగాలి. మీరు రోజూ మిషన్ మీద కూర్చోనక్కర్లేదు. కానీ కటింగ్ మాస్టర్ "ఇది కుదరదండీ" అన్నప్పుడు అది నిజంగా కుదరనిదా, టైం పట్టే పని కాబట్టి అంటున్నారా అన్నది మీకు తెలియాలి. ఊళ్లో ఉన్న మంచి టైలర్ దగ్గర ఆరు నెలలు కూర్చుంటే ఇది వస్తుంది. కొత్తవి కుట్టడం కన్నా ఆల్టరేషన్లు ఎక్కువ చేయండి. విప్పి చూస్తేనే బట్ట లోపల ఏముంటుందో అర్థమవుతుంది.

దాంతోపాటు కట్టడం నేర్చుకోండి. కుచ్చిళ్ల చీర ఒక్కటే వస్తే చాలదు. తెలంగాణ పల్లెల గోచీ చీర, తొమ్మిది గజాల మడిచీర, పంచెలో గోచీ పోసి కట్టేది, లుంగీలా చుట్టేది, పొలంలో మోకాళ్ల పైకి ఎగదోపేది, తలపాగాలో రెండు మూడు రకాలు మీ చేత్తో మరొకరికి కట్టగలగాలి. ఇది పుస్తకం చూసి వచ్చేది కాదు. ఇప్పటికీ అలా కట్టుకునే పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, కట్టించుకుని, విప్పి, మళ్లీ కట్టి నేర్చుకోవాలి.

చదువు విషయానికొస్తే హైదరాబాద్ మాదాపూర్‌లోని నిఫ్ట్‌లో (నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ) ఫ్యాషన్ డిజైన్ నాలుగేళ్ల డిగ్రీ ఉంది. ఢిల్లీలో 1959లో మొదలైన నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలో మూడేళ్ల డిప్లొమా ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ రంగస్థల కళల శాఖలో పీజీ చేయవచ్చు. ఫ్యాషన్ చదువు బట్ట గురించి బాగా నేర్పుతుంది, పాత్ర గురించి తక్కువ. నాటక చదువు అందుకు తిరగేసి. ఏది చదివినా రెండోదాన్ని సొంతంగా పూడ్చుకోవాల్సిందే.

ఆ తర్వాత ఏడాది పాటు అసిస్టెంట్‌గా చేయండి. సీరియల్ యూనిట్లో ఇస్త్రీ, లేబుళ్లు, సంచులు మోయడం, ఫొటోలు తీయడం, లొకేషన్‌లో జాకెట్టు అప్పటికప్పుడు బిగించడం మీ పనులవుతాయి. కంటిన్యూటీ, అంటే వేర్వేరు రోజుల్లో తీసిన సీన్లలో బట్టలు, నగలు తేడా రాకుండా చూసుకోవడం, అక్కడ తప్ప ఎక్కడా రాదు. హైదరాబాద్ పరిశ్రమలో కాస్ట్యూమర్లకు యూనియన్ ఉంది. కార్డు లేకుండా ఏ పని ఒప్పుకోవచ్చు, ఏది ఒప్పుకోకూడదు అన్నది మీరు చేరే యూనిట్ కాస్ట్యూమర్‌ని మొదటిరోజే అడగండి.

స్క్రిప్టు మూడుసార్లు చదవండి

మొదటిసారి పెన్ను పట్టుకోకుండా, కథ కోసం. రెండోసారి బట్టల ప్రస్తావన ఎక్కడ వస్తే అక్కడ గీత పెడుతూ. "కొంగుతో కళ్లు తుడుచుకుంది" అంటే కొంగు వదిలి ఉండాలి, పిన్ను పెట్టకూడదు. "జేబులోంచి ఉత్తరం తీశాడు" అంటే జేబు ఉండాలి, ఉత్తరం పట్టేంత లోతుండాలి. మూడోసారి ఒంటికి జరిగే పనుల కోసం: పడటం, పరిగెత్తడం, తడవడం, నెత్తురు, నిప్పు, పసిపిల్లను ఎత్తుకోవడం, నేలమీద కూర్చుని లేవడం.

తర్వాత చార్టు గీయండి. నిలువు గడుల్లో సీన్లు, అడ్డగడుల్లో పాత్రలు. ప్రతి గడిలో ఏ డ్రెస్సు, ఏ నగలు, కాళ్లకు ఏముంది, ఎటువైపు నుంచి వస్తారు, తిరిగి వచ్చేలోపు ఎన్ని నిమిషాలున్నాయి అన్నది రాయండి. హరిశ్చంద్రుడి వరస తీసుకుంటే కొలువులో కిరీటం, భుజకీర్తులు, జరీ కోటు, పట్టుపంచె. రాజ్యం ధారపోశాక నగలు పోతాయి, పంచె నూలుదవుతుంది. కాశీలో అదే పంచె మట్టికొట్టుకుపోతుంది. కాటిసీనులో గొంగడి, చేతిలో కర్ర, చంకలో కుండ. నాలుగు మెట్లు. ఒక్కో మెట్టులో ఏది తగ్గుతుందో ముందే తేల్చుకుంటే కొలువు సీనులో ఎంత వైభవం పెట్టాలో తెలుస్తుంది. మొదట్లోనే నూలుపంచె కట్టిస్తే తర్వాత తగ్గించడానికి ఏమీ మిగలదు.

కాంట్రాక్టు నాటకాల్లో ఇంకో చిక్కుంది. ఒకే రాత్రి హరిశ్చంద్రుడి వేషం కొలువు సీనులో ఒకరు, కాశీలో ఒకరు, కాటిసీనులో మరొకరు కడతారు. కిందటి నటుడు విప్పింది తర్వాతి నటుడు వేసుకోవాల్సి రావచ్చు. ఎన్ని ఒళ్లకు ఒక డ్రెస్సు సరిపోవాలో చార్టులోనే రాసుకోండి. అలాంటి వాటికి నడుం దగ్గర హుక్కులు కాకుండా బొందులు, వీపున కాజాల బదులు తాడు అల్లే కన్నాలు పెట్టించాలి. నాలుగైదు అంగుళాల తేడా ఆ తాడే సర్దేస్తుంది.

కుట్టించే ముందు దర్శకుడు, సెట్టు, లైట్లు

దర్శకుడిని "ఏ రంగు కావాలి?" అని అడగకండి. "ఈ సీన్లో ఎవరు ముందు కనబడాలి?" అని అడగండి. జవాబులోంచి రంగు మీరే తేల్చుకుంటారు. వెనక తెర ఏ రంగో కనుక్కోండి. నీలం తెర ముందు నీలం చీర కట్టిన చంద్రమతి తల, చేతులు తప్ప కనబడదు.

లైట్ల సంగతి మరీ ముఖ్యం. ఎర్ర లైటు కింద ఆకుపచ్చ బట్ట నల్లగా కనిపిస్తుంది, ఎందుకంటే ఆ బట్ట వెనక్కి పంపగలిగిన పచ్చకాంతి ఆ లైటులో లేదు. పసుపు, నారింజ లైటు కింద నీలం బూడిదరంగులోకి పోతుంది. కాటిసీనుకు నీలం లైటు వాడతారు కాబట్టి అక్కడ ఎర్రబొట్టు, ఎర్ర అంచు నల్లబడతాయి. కొనే ముందు జానెడు ముక్కలు తెచ్చి, ఆ హాల్లో లైట్లేసేవారితో ఒక్కో రంగు వేయించి చూడండి. అరగంట పని ఇది. అంతదూరం వీలుకాకపోతే రంగు జెలటిన్ కాగితాలు టార్చికి చుట్టి చీకటి గదిలో చూసినా చాలావరకు తెలుస్తుంది.

కొలతలు

జాకెట్టు కొలతలు, చొక్కా కొలతలు నటుడికి సరిపోవు. మెడ, భుజం, ఛాతీ, నడుం, బొడ్డు దగ్గర చుట్టు, తుంటి, వీపు పొడవు, చేతి పొడవు, దండ (మోచెయ్యి పైభాగం) చుట్టు, మణికట్టు, తొడ, కాలి పొడవు, తల చుట్టు, పాదం ఇవన్నీ తీసుకోండి. చేతి పొడవు మోచెయ్యి మడిచి కొలవాలి. చాచి కొలిస్తే చెయ్యెత్తినప్పుడు అంచు మణికట్టు దాటి పైకి పోతుంది.

పద్యం పాడే నటుడికి ఛాతీ రెండుసార్లు కొలవండి, మామూలుగా ఒకసారి, గుండెల నిండా ఊపిరి పీల్చినప్పుడు ఒకసారి. రెండింటికీ రెండంగుళాల తేడా వస్తుంది. రెండో కొలతకే కుట్టించాలి, పైన బనీనుకూ చెమటకూ ఇంకో రెండు మూడంగుళాల లూజు వదలాలి. కోటు బిగుతైతే రాగం మధ్యలో ఊపిరి తెగుతుంది, నటుడికి ఎందుకో కూడా తెలియదు. పొట్టకు కట్టే వడ్డాణానికీ ఇదే సూత్రం. కూర్చుని ఊపిరి పీల్చి కొలవాలి.

రెడీమేడ్ బట్టల్లో కుట్టు లోపల అరంగుళం కూడా వదలరు. మీరు పక్క కుట్లలో ఒక్కోవైపు ఒకటిన్నర అంగుళం వదిలించండి. కింద అంచు మూడంగుళాలు మడిపించండి. నటుడు మారినా, ఒళ్లు మారినా ఆ డ్రెస్సు మళ్లీ పనికొస్తుంది.

బట్ట: ఏది, ఎంత, ఎక్కడ

చీర 5.5 మీటర్లు, జాకెట్టు ముక్కతో కలిపి 6.3. ఎనిమిది మూరల పంచె 3.6 మీటర్లు. 44 అంగుళాల పన్నా (బట్ట వెడల్పు) అయితే జాకెట్టుకు మీటరు, అస్తరుకు అంతే. మోకాళ్ల దాకా మగవాళ్ల కుర్తాకు రెండున్నర మీటర్లు. ఘేరున్న రాజు కోటుకు నాలుగైదు మీటర్లు పడుతుంది, అస్తరు వేరు. నూలు బట్టను రాత్రంతా నీళ్లలో నానబెట్టి, నీడలో ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తిరించండి. ఐదు మీటర్లకు పావు మీటరు దాకా ముడుచుకుంటుంది కాబట్టి అంత ఎక్కువే కొనాలి. తడపకుండా కుట్టిస్తే మొదటి ప్రదర్శన బాగానే నడుస్తుంది, ఉతికాక మాత్రం పంచె చీలమండ పైకి లేస్తుంది.

రంగస్థలం మీద సన్నపని వృథా. పదో వరసలో కూర్చున్నవాళ్లకు మగ్గం వర్క్ కనపడదు, నాలుగంగుళాల జరీ అంచు కనపడుతుంది. డబ్బంతా అంచులో, మెడ దగ్గర, ఆకారంలో పెట్టండి. మెరిసే పాలిస్టర్ శాటిన్ చవక, కానీ చంకల కింద చెమట మరక మొదటి పావుగంటలోనే కనబడుతుంది. బూడిదరంగు, లేత నీలం మరీ చెమటను దాచవు. తెలుపు, ముదురు నీలం, పువ్వుల అచ్చు దాచుతాయి. వెల్వెట్ కావాలంటే నూలు వెల్వెట్ తీసుకోండి, లైటును లోపలికి పీల్చుకుని రంగు లోతుగా కనిపిస్తుంది. పాలిస్టర్ వెల్వెట్ ఆ లైటును తిప్పికొడుతుంది.

హోమం, హారతి, కాగడా ఉన్న సీన్లలో ఏ పాత్రకూ సింథటిక్ వద్దు. నిప్పు తగిలితే పాలిస్టర్ కరిగి చర్మానికి అతుక్కుంటుంది. నూలు, ఉన్ని వాడండి, ఉత్తరీయం మోకాలి దాకా పొట్టి చేయండి, కొంగు బొడ్లో దోపించండి. ఇందులో దర్శకుడు వద్దన్నా వెనక్కి తగ్గవద్దు.

హైదరాబాద్‌లో బట్టకు మదీనా, పత్తర్‌గట్టి, సికింద్రాబాద్ జనరల్ బజార్. గాజులు, లేసులు, గోటా అంచులకు లాడ్ బజార్. విజయవాడలో వస్త్రలత. నగలకు మచిలీపట్నం దగ్గరి చిలకలపూడి రోల్డుగోల్డు కెమెరా దగ్గరకొచ్చినా నిలబడుతుంది.

తెల్లబట్ట మరీ తెల్లగా ఉండి లైట్లకు కొడుతుంటే టీ డికాక్షన్‌లో ముంచాలి. లీటరు నీళ్లు మరిగించి ఐదు చెంచాల టీ పొడి, చిటికెడు ఉప్పు వేసి బాగా వడకట్టండి. ముందే తడిపి పిండిన నూలు బట్ట వేసి, ఆపకుండా కలుపుతూ ఐదు నుంచి పది నిమిషాలు ఉంచండి. కలపడం ఆపితే మచ్చలు పడతాయి. వడకట్టడం సరిగ్గా లేకపోతే పొడి చుక్కలు మిగులుతాయి. తడిమీద రంగు ముదురుగా కనిపిస్తుంది, ఆరాక తగ్గుతుంది, అందుకే ముక్కతో చూసుకోవాలి. పాలిస్టర్‌కు ఈ రంగు పట్టదు. కాటికాపరి గుడ్డకు ఇంకా పాతదనం కావాలంటే మోచేతులు, మోకాళ్లు, అంచుల దగ్గర ఉప్పుకాగితంతో రుద్దండి. బట్ట అరిగేది ఆ చోట్లలోనే, నట్టనడుమ చింపితే దొంగ చింపని ఎవరికైనా తెలిసిపోతుంది.

కుట్టిన పంచె, త్వరగా మార్చే డ్రెస్సు

గదాయుద్ధం మధ్యలో పంచె ఊడితే ఆ నాటకం ఇక నిలబడదు. అందుకే రంగస్థలం మీద పంచె కట్టడం కాదు, కుట్టాలి. ముందు పంచెను నటుడి ఒంటిమీద మామూలుగా కట్టండి. గోచీ మడతలు, ముందు కుచ్చిళ్లు ఎక్కడ పడ్డాయో గుండుసూదులు గుచ్చి గుర్తుపెట్టండి. విప్పాక ఆ మడతలకు కచ్చాకుట్టు (తర్వాత విప్పేసే తాత్కాలిక కుట్టు) వేయండి. రెండంగుళాల వెడల్పు కాన్వాసు పట్టీని నడుం కొలతకు నాలుగంగుళాలు ఎక్కువగా తీసుకుని, దానిమీద మడతలన్నీ మిషన్ కుట్టు వేయండి. ముందు పెద్ద ప్యాంటు హుక్కులు రెండు, వాటిపైన వెల్క్రో. వెల్క్రో ఒక్కటే పెడితే చెమటకు, నూలు పీచుకు పట్టు పోతుంది. లోపల అదే రంగు నిక్కరు కలిపి కుట్టండి. అప్పుడు దూకినా, దొర్లినా ఏమీ కాదు. చీరకూ ఇదే పద్ధతి, అయితే కొంగును మాత్రం విడిగా వదలాలి. కొంగుతో చేసే నటన చాలా ఉంటుంది.

త్వరగా మార్చాల్సినప్పుడు చివర కనబడే డ్రెస్సు మొదట వేయాలి. చొక్కా లేని ఒంటికి పూసే మసి తప్ప, కాటిసీను పంచెతో సహా మిగతాదంతా రాజు డ్రెస్సు కిందే ఉండవచ్చు. పై కోటు ముందు గుండీలన్నీ అలంకారానికి పైన కుట్టేసి, అసలు తెరుచుకునేది వీపున టిచ్ బటన్లతో పెట్టండి. కోటు, ఉత్తరీయం, హారాలు మూడూ ఒకదానికొకటి కుట్టేస్తే ఒక్క లాగుతో వచ్చేస్తాయి.

సైడ్ వింగ్‌లో (స్టేజీ పక్క తెరల చాటున) కుర్చీ వేసి, వేసుకునే వరసకు తలకిందులుగా బట్టలు పేర్చండి. మొదట వేసుకునేది పైన ఉండాలి. చెప్పులు బయటికి చూస్తూ పెట్టండి. నీలం కాగితం చుట్టిన చిన్న టార్చి ఒకటి. నిమిషం లోపు మార్పుకు ఇద్దరు మనుషులు కావాలి, ఎవరు పైభాగం, ఎవరు కిందిభాగం అన్నది ముందే పంచుకోవాలి, నటుడు చేతులు ఎత్తి నిలబడాలే తప్ప సాయం చేయకూడదు. సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టి సాధన చేయించండి. ప్రదర్శన రోజు కంగారులో సమయం పెరుగుతుంది కాబట్టి దొరికే సమయంలో మూడింట రెండు వంతుల్లో అయిపోయేదాకా చేయించాలి. పద్యానికి వన్స్‌మోర్ పడితే ఇంకో మూడు నిమిషాలు దొరుకుతాయి గానీ దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

కిరీటాలు, నగలు

కిరీటం లోపలి చుట్టు తల కొలతకు అంగుళం ఎక్కువ ఉండాలి, ఆ అంగుళం స్పాంజికి. విగ్గు పెట్టేవారైతే విగ్గు మీద కొలవాలి. బరువు అర కిలో దాటితే మూడు గంటల నాటకంలో మెడ పట్టేస్తుంది, కాబట్టి అట్ట, కాగితపు గుజ్జు, తేలిక అద్దాలే మేలు. చెవుల వెనక నుంచి రెండు పట్టీలు, గడ్డం కింద కాదు, విగ్గు కింద ముడి. నటుడి చేత సాష్టాంగ నమస్కారం చేయించి చూడండి. అందులో ఊడకపోతే ఎందులోనూ ఊడదు. ఇత్తడి నగలకు ఒంటికి తగిలే వైపు రంగులేని గోళ్లరంగు రెండు పూతలు వేస్తే చర్మం పచ్చబడదు, నగ నల్లబడదు.

ట్రయల్ రెండు రోజులు

మొదటి ట్రయల్ కచ్చాకుట్టు మీద, ఆకారం చూడటానికి. రెండోది పూర్తిగా కుట్టాక, పని చూడటానికి. రెండో ట్రయల్లో నటుడిని నిలబెట్టి ఫొటో తీస్తే చాలదు. ఆ సీన్లో ఏం చేయాలో అదంతా చేయించండి. రెండు చేతులూ ఎత్తమనండి, నేలమీద కూర్చోమనండి, మెట్లెక్కమనండి, గద తిప్పమనండి, పద్యం పూర్తిగా పాడమనండి. చంక దగ్గర పట్టేస్తుంటే పక్కలు లూజు చేయడం పరిష్కారం కాదు, చంక కింద నాలుగంగుళాల నలుచదరపు ముక్క వేయాలి. చెయ్యి పైకి లేస్తుంది, నడుం ఆకారం చెడదు.

నటీనటులు "బాగానే ఉందండీ" అంటారు. మొహమాటం. ఎక్కడ గుచ్చుకుంటోంది, ఎక్కడ జారుతోంది అని విడివిడిగా అడగాలి. నటీమణులను స్త్రీల చేతే కొలిపించండి, బట్టలు మార్చుకోవడానికి గడియ ఉన్న గది ఇప్పించండి. ఇది మర్యాద మాత్రమే కాదు, కాస్ట్యూమ్ విభాగం బాధ్యత.

టీవీలో మారేవి

రంగస్థలం నిండు మనిషిని చూపిస్తుంది, సీరియల్ ఎక్కువగా నడుం పైభాగాన్ని. జాకెట్టు మెడ, చెవుల కమ్మలు, భుజం మీద కొంగు పడే తీరు, ఇక్కడ శ్రద్ధ పెట్టాలి. కెమెరాకు పడనివి కొన్ని ఉన్నాయి. సన్నగీతల చొక్కా, చిన్నగళ్ల చీర తెరమీద అలల్లా కదులుతాయి, బట్ట గీతలకూ కెమెరా సెన్సర్ గడులకూ పొత్తు కుదరక. కొనేటప్పుడు ఫోన్ కెమెరాతో రెండు మూడు దూరాల నుంచి చూడండి, అందులో అలలు వస్తే షూటింగ్‌లోనూ వచ్చే అవకాశం ఎక్కువ. తెల్లచీర పక్కన మొహం నల్లబడుతుంది, ఎందుకంటే తెలుపు మరీ వెలిగిపోకుండా కెమెరామన్ వెలుగు తగ్గిస్తారు. టీ నీళ్లలో ముంచిన తెలుపు అక్కడా పనికొస్తుంది. గ్రీన్‌మ్యాట్ (వెనక వేరే దృశ్యం చేర్చడానికి కట్టే పచ్చతెర) ఉన్న రోజు ఆకుపచ్చ బట్టలే కాదు, మెరిసే పట్టు కూడా వద్దు, అది వెనక పచ్చను పట్టి చూపిస్తుంది.

బట్టల్లో దాచి పెట్టే మైకు గురించి సౌండ్ విభాగంతో మొదటిరోజే మాట్లాడండి. కొత్త పట్టు, ఆర్గంజా, గంజి పెట్టిన నూలు మైకు మీద రాసుకుని గరగరమంటాయి. మైకు చుట్టూ మెత్తటి టేపు వేయించండి. జాకెట్టు వీపున లోపలివైపు ట్రాన్స్‌మిటర్ పట్టే చిన్న సంచి, వైరు వెళ్లేందుకు ఒక కన్నం కుట్టించి ఉంచితే ప్రతిసారీ పిన్నీసులతో కుస్తీ ఉండదు.

ఇక కంటిన్యూటీ. సీరియల్ వరసగా తీయరు. హాల్లో సీన్లన్నీ ఒకరోజు, పడకగదివన్నీ ఒకరోజు తీస్తారు. అందుకే సీన్ నంబరు కాదు, కథలో అది ఏ రోజు అన్నది ముఖ్యం. ప్రతి సీన్‌కూ కథా రోజు ఒకటి, రెండు, మూడు అని నంబరు వేయండి. ఒక రోజుకు ఒక పాత్రకు ఒక డ్రెస్సు, మార్చుకున్నట్టు కథలో ఉంటే తప్ప. షాటు మొదలయ్యే ముందు కాదు, అయిపోయాక ఫొటోలు తీయండి. షాటులో కొంగు జరిగి ఉంటుంది, చేతులు మడిచి ఉంటారు, కెమెరాలో నమోదైంది అదే. ముందు, వెనక, రెండు పక్కలు, మెడ, చేతులు, పాదాలు. ఫొటో పేరులో ఎపిసోడ్, సీను, కథా రోజు, పాత్ర ఉండాలి. కింద మాటల్లోనూ రాయండి: "ఎడమ చేతికి ఎర్రగాజులు ఆరు, కుడి చేతికి వాచీ, కొంగు పిన్ను లేదు, నల్లపూసలు పైకి." బొట్టు, పాపిట కుంకుమ మేకప్ విభాగంతో కలిసి ఒకే ఫొటోలో ఉంచితే ఇద్దరికీ గొడవ తగ్గుతుంది. మల్లెపూలు మధ్యాహ్నానికి వాడిపోతాయి కాబట్టి దగ్గరి షాట్లకు తాజావి, మిగతావాటికి గుడ్డపూలు, మూరల లెక్క రాసిపెట్టుకోవాలి.

నెత్తురు, బురద, వాన ఉన్న సీన్‌కు ఒకే రకం డ్రెస్సులు కనీసం మూడు. ఒకటి ముందరి సీన్లకు శుభ్రంగా, ఒకటి టేకుకు, ఒకటి రీటేకుకు. ఒకే థాను నుంచి ఒకేసారి కొనండి. వారం తర్వాత అదే కొట్లో అదే రంగు అడిగితే ఒక ఛాయ తేడాతో వస్తుంది.

చాలా సీరియళ్లలో నటీమణులు చీరలు తామే తెచ్చుకునే పద్ధతి ఉంది. మీరు ఆ యూనిట్లో ఉంటే రంగుల జాబితా వారం ముందే పంపండి. లేకపోతే అత్తా కోడళ్లిద్దరూ ఒకే రంగులో వస్తారు. పాత్ర ఆదాయం, ఊరు కూడా చెప్పండి. మధ్యతరగతి తల్లి ఇంట్లో రోజూ కొత్త కంచిపట్టు కట్టదు. ఆమెకు నారాయణపేట, మంగళగిరి నూలు చీరలు ఆరేడు తీసుకుని నెలంతా తిప్పి వాడితే ఆ ఇల్లు నిజమైన ఇల్లులా ఉంటుంది. చీర మళ్లీ కట్టడం తప్పు కాదు, పైపెచ్చు మంచిది. ఛానెల్ వాళ్లు ఒప్పుకోకపోతే జాకెట్టు మార్చండి.

యూనిఫాంలు

ఇక్కడ తప్పు చేస్తే ఆ వృత్తిలో ఉన్న ప్రతి ఇల్లూ పట్టేస్తుంది. ఎస్సైకి రెండు నక్షత్రాలు, ఎరుపు నీలం పట్టీ. సీఐకి మూడు నక్షత్రాలు, అదే పట్టీ. డీఎస్పీకి మూడు నక్షత్రాలే, పట్టీ ఉండదు. ఎస్పీకి అశోక చిహ్నం, ఒక నక్షత్రం. భుజం మీద బ్యాడ్జి కథ జరిగే రాష్ట్రానిది కావాలి, 2014 జూన్‌కు ముందు కథలో తెలంగాణ పోలీసు బ్యాడ్జి ఉండదు. లాయరుకు నల్లకోటు, తెల్ల బ్యాండ్లు. గౌను హైకోర్టు, సుప్రీంకోర్టుల్లో తప్పనిసరి, కింది కోర్టు సీన్లో లేకపోయినా తప్పు కాదు. పోలీసు డ్రెస్సులో ఉన్న నటులను లొకేషన్ దాటి టీ కొట్టుకు పంపకండి. పైన జాకెట్టో షర్టో వేయించండి, లేకపోతే చిక్కులొస్తాయి.

చెమట, ఉతుకు, దాచడం

ప్రతి నటుడికీ లోపల వేసుకునే నూలు బనీన్లు కనీసం రెండు. చెమట వాటికి అంటుతుంది, రోజూ ఉతికేది అవే. జరీ కోటు, వెల్వెట్ ఉతకకూడదు. విప్పగానే తిరగేసి, ఫ్యాను కింద ఆరేసి, స్ప్రే బాటిల్లో సగం నీళ్లు, సగం వాసన లేని వోడ్కా కలిపి చంకల దగ్గర కొడితే వాసన పోతుంది. ముందు లోపలి అంచు మీద కొట్టి రంగు దిగుతుందేమో చూడండి, నిప్పుకు దూరంగా వాడండి. నాటకాల నెత్తురు మరకలకు చన్నీళ్లే వాడాలి, వేడినీళ్లు పోస్తే రంగు ఇంకా పట్టుకుంటుంది. పట్టుచీరలు నూలుగుడ్డలో చుట్టి, మూడు నెలలకోసారి మడతలు మార్చండి. ఒకే మడతలో ఉంచితే జరీ అక్కడే విరుగుతుంది.

సెట్టుకు తీసుకెళ్లే పెట్టెలో మూడు సైజుల పిన్నీసులు, సూదులు, తెలుపు నలుపు ఎరుపు గోధుమరంగు దారాలు, హుక్కులు, టిచ్ బటన్లు, రెండువైపులా అంటే టేపు, కత్తెర, కుట్లు విప్పే పనిముట్టు, కొలత టేపు, స్టీమర్, ఎలాస్టిక్, బొందు, బట్టల బ్రష్షు, సుద్దముక్క ఉండాలి. చివర ఒక వెల్క్రో చుట్ట.

ధర చెప్పడం, డబ్బు రాబట్టడం

ఒకే అంకె చెప్పకండి. బట్ట, కుట్టుకూలి, అద్దెలు, నగలు, లాండ్రీ, రవాణా, సహాయకులు, మీ ఫీజు ఇలా విడివిడిగా రాసివ్వండి. మొత్తం మీద పదిహేను శాతం అనుకోని ఖర్చుకు వేరే గీతలో చూపండి, వాడకపోతే తిరిగిస్తానని రాయండి. అప్పుడు నిర్మాత బేరం ఆడినా బట్టలో ఆడతారు, మీ ఫీజులో కాదు. నాటకానికి మొత్తం మీద ఒప్పందం, సీరియల్‌కు నెలకో, షూటింగ్ రోజుకో. రోజు లెక్కన ఒప్పుకుంటే షాపింగ్ రోజులు, ట్రయల్ రోజులు కూడా పని రోజులేనని రాయించుకోండి. కొత్తవాళ్లు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

సామాను ఖర్చులో సగం చేతికి రాకుండా కొట్లో అడుగు పెట్టవద్దు. మీ డబ్బుతో బట్ట కొన్నారంటే ఆ రోజు నుంచి మీరు డిజైనర్ కాదు, అప్పిచ్చినవారు. ప్రతి బిల్లుకూ ఫొటో తీసి అదేరోజు ప్రొడక్షన్ మేనేజర్‌కు పంపండి. కిరీటాలు, ఆయుధాలు, యూనిఫాంలు, లాయరు కోట్లు అద్దెకే తేండి. ప్రధాన పాత్రల బట్టలు, పది ప్రదర్శనలు దాటేవి కుట్టించండి. అద్దె సామాను తీసుకునేటప్పుడే చిరుగులు, పోయిన రాళ్లు ఫొటో తీయాలి, లేకపోతే తిరిగిచ్చేటప్పుడు ఆ లోటు మీ మీద పడుతుంది. ప్రాజెక్టు అయ్యాక కుట్టించిన బట్టలు ఎవరివన్నదీ మొదటి కాగితం మీదే ఉండాలి.

తర్వాతి పని కోసం పోర్ట్‌ఫోలియో తయారు చేసుకునేటప్పుడు అందమైన బొమ్మలు, స్టిల్సు మాత్రమే పెట్టకండి. ఒక పాత్రను తీసుకుని స్క్రిప్టు చార్టులో దాని వరస, బట్ట ముక్కలు, ట్రయల్ ఫొటో, లైట్ల కింద ఫొటో, ఖర్చు లెక్క పక్కపక్కన పెట్టండి. అలాంటి పాత్రలు ఐదు చాలు. వాటిలో ఒకటైనా తక్కువ డబ్బుతో చేసినదై ఉండాలి, నిర్మాతలు ఆ పేజీ దగ్గర ఆగుతారు.